మైనం మీద పసుపు

మా బావ పోయాడు. రెండు వారాల కింద, సోమవారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తి, ముందర నీళ్లు చల్లి, ఆయన కూర్చునే ఇనుప స్టూలు బయట వేశాను. రోజూ నేను స్టూలు వేసేసరికి వచ్చేసేవాడు. ఆ రోజు చాయ్ వచ్చి చల్లారింది గానీ మనిషి రాలేదు. వెనక గదిలోకి వెళ్లి చూస్తే పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు, చెంప కింద చెయ్యి పెట్టుకుని. లేపుదామని భుజం పట్టుకున్నాను. చల్లగా ఉంది. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే పోయిండు, బాధ తెల్వకపోవచ్చు అన్నాడు. అదొక్కటే ఆ రోజు నాకు దొరికిన మంచి మాట.

కబురు తెలిసి మోర్తాడ్ నుంచి, ముప్కాల్ నుంచి పాత జీపు డ్రైవర్లు వచ్చారు. ఒకప్పుడు బానెట్ మీద కూర్చుని బీడీ కాల్చిన కుర్రాళ్లు, ఇప్పుడు కర్ర పట్టుకుని వచ్చారు. ఒకాయన పాడె దగ్గర నిలబడి నాతో, ఉస్తాద్ చేసిన బానెట్ మా ఇంట్ల ఇంక ఉంది సేటూ, కోళ్ల మీద బోర్లిస్తున్నం అన్నాడు. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. బావ వింటే ఆయనా నవ్వేవాడు.

ఈ కాలం పిల్లలకు మా బావ ఎవరో తెలియదు, అందుకే చెబుతున్నాను. ఆయన మా అక్క భర్త. ఎనభైల్లో ఆర్మూర్‌లో ఫైబర్ పని చేసిన మనిషి. ఫైబర్ పని అంటే బండ్లకు బానెట్లు, మడ్‌గార్డులు, బంపర్లు ఇనుముతో కాకుండా గాజు పీచుతో, రెజిన్ అనే గట్టిపడే జిగురుతో చెయ్యడం. పెళ్లికి ముందు బొంబాయిలో నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక మా అక్కను అక్కడికి తీసుకుపోతే ఆ ఇరుకు గదిలో ఆమెకు ఊపిరాడలేదు. నోరు తెరిచి ఏమీ అనలేదంట, కానీ తిండి తగ్గింది. బావ చూసి చూసి ఒక రోజు సామాను సర్దేశాడు. మా రంగుల దుకాణం వెనక ఖాళీ జాగా ఉండేది. అక్కడ రేకుల షెడ్డు వేసుకున్నాడు, పక్కనే ఒక గది. పిల్లల్లేరు వాళ్లకు. మా పిల్లలే వాళ్ల పిల్లలు.

మొదట్లో ఎవరూ నమ్మలేదు. ప్లాస్టిక్ బానెట్ అని వెక్కిరించేవాళ్లు. ఎండకు కరుగుతది, రాయి తగిలితే పలుగుతది అనేవాళ్లు. బావ వాదించలేదు. ఒక రోజు బానెట్ తెచ్చి రోడ్డు పక్కన బోర్లించి, దాని మీద తను నిలబడ్డాడు. జనం గుమిగూడారు. తర్వాత నన్ను ఎక్కమన్నాడు. అప్పుడు నేను ఇప్పటిలా ఎండిపోయి లేను, మంచి బస్తాలా ఉండేవాణ్ని. ఎక్కాను. ఊగింది కానీ పలగలేదు. చివరికి మా అక్కను కూడా పిలిచాడు. ఆమె సిగ్గుతో చెంగు నోట్లో పెట్టుకుని, రానని తల ఊపుతూ ఉంటే చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. అట్లా ముగ్గురం బజారు మధ్యలో ఒక బానెట్ మీద నిలబడ్డాం. ఆ వారంలోనే మొదటి బేరం వచ్చింది.

పని ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. ముందు ఒక అసలు బానెట్ తీసుకుని, సొట్టలు పుట్టీతో నింపి, వాటర్ పేపర్‌తో అద్దంలా రుద్దేవాడు. దాని మీద మైనం పట్టించేవాడు. ఆరాక తుడిచి, మళ్లీ మైనం, మళ్లీ తుడుపు. ఆ మైనం మీద రెజిన్ పూసి, గాజు పీచు చాప పరిచి, కుంచెతో పొడిచి పొడిచి గాలి బుడగలు తీసేవాడు. గట్టిపడ్డాక ఊడదీస్తే వచ్చేదే అచ్చు. లోపలి వైపు అద్దంలా ఉంటుంది, వెనక వైపు పీచు పీచుగా, చెయ్యి పెడితే గుచ్చుకునేలా ఉంటుంది. ఇక ఆ అచ్చు లోపల మళ్లీ మైనం రాసి, రంగు పూత వేసి, పీచు పరిస్తే బానెట్. ఒక అచ్చు మంచిగా కుదిరితే దాంట్లోంచి ఎన్ని బానెట్లయినా తియ్యొచ్చు.

అంతా మైనంలోనే ఉందనేవాడు. మైనం తక్కువైతే ముక్క, అచ్చు అతుక్కుపోతాయి, రెండూ పాడే. దాని గురించి ఆయనకో హాస్యం ఉండేది. కొత్తగా వచ్చిన ప్రతి డ్రైవరుకూ చెప్పేవాడు.

“మైనం జర తక్కువైందనుకో, లోపలి ముక్క ఇల్లరికం అల్లుడైతడు. ఇగ ఎంత కొట్టినా బయటికి రాడు.” అని, నా వైపు చూసి, “మా బామ్మర్దిని అడుగుర్రి, నన్ను ఎల్లగొట్టనీకి ఎన్నేండ్ల సంది కొడుతున్నడో” అనేవాడు.

రెజిన్ గట్టిపడటానికి హార్డెనర్ ఒకటి, కోబాల్ట్ ఒకటి కలపాలి. ఆ రెండింటినీ నేరుగా కలిపితే మంట లేస్తుంది. అందుకని నా దుకాణంలో ఒకటి ఈ మూల, ఇంకోటి ఆ మూల పెట్టించాడు. వీళ్లిద్దరు తోడికోడళ్లు, పక్కపక్కన కూసోబెట్టకు అన్నాడు. ఇప్పటికీ అట్లాగే పెడుతున్నాను, ఇప్పుడు అవి కొనేవాళ్లు లేకపోయినా సరే.

ఇంకో అలవాటు. కలిపిన రెజిన్ ఎప్పుడు గడ్డకడుతుందో ఎండను బట్టి మారుతుంది. బావ మగ్గు తీసుకుని చెంపకు ఆనించుకునేవాడు. వెచ్చదనం మొదలైతే ఇక ఆగకూడదు, గబగబా పూసెయ్యాలి. పని చేస్తున్నంతసేపూ ఆ మగ్గు చెంపకు వెళ్తూ ఉండేది. మా అక్క దూరం నుంచి చూసి, ముద్దులు పెట్టుకుంటున్నడు చూడు అనేది.

పీచు దుమ్ము ఒళ్లంతా దురద. అందుకే మే నెల ఎండలో కూడా నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ. పని కాగానే చన్నీళ్ల స్నానం, తర్వాత ఒక బెల్లం ముక్క. స్నానం కాకుండా మా పిల్లల్ని ఎత్తుకున్నది ఎప్పుడూ చూడలేదు. వాళ్లు కాళ్లకు చుట్టుకుంటే రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు, పోలీసులు పట్టుకున్నట్టు. మా అక్క ఆయన బట్టలు విడిగా ఉతికేది. అయినా ఆమె చేతులకు ఎప్పుడూ ఎర్రటి గీతలే.

ఇక మన ఊరి సంగతి మీకు తెలుసు. ఎండలు మొదలయ్యేసరికి పసుపు వచ్చి పడుతుంది. డ్రమ్ముల్లో వేసి పాలిష్ పడుతుంటే గాలే పచ్చగా ఉంటుంది. లెక్కల పుస్తకం తెరిస్తే పచ్చన, చాయ్ గ్లాసు మీద పచ్చన. మాకు అది అన్నం పెట్టే దుమ్ము. బావకు శత్రువు. తెల్లటి రంగు పూత పూసి, అది ఆరేలోపు ఒక్క రేణువు పడినా బానెట్‌కు మచ్చ. అందుకని సీజనంతా బండ్లు కదలకముందే, తెల్లవారుతుండగానే పూత పని ముగించేవాడు. షెడ్డు చుట్టూ తడి గోనె పట్టాలు కట్టి, నేల మీద నీళ్లు కొట్టి, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నేను తొంగి చూస్తే, నీ మీసాల నిండ పసుపే ఉంది, ఔతల నిలవడు అనేవాడు. ఆయన చేసిన తెల్ల బానెట్ మీద పచ్చటి చుక్క కనిపెడితే మళ్లీ ఊరికే చేసిస్తానని పందెం కాసేవాడు. ఎవరూ గెలవలేదు.

అట్లాంటి మనిషి బానెట్ మీదికి పసుపు వచ్చింది. సీజన్‌లో కాదు, దసరాకు. గాలికి కాదు, మా అక్క చేతితో.

మోర్తాడ్ డ్రైవరు ఒకాయన ఉండేవాడు. గల్ఫ్‌లో కొన్నేళ్లు బండి నడిపి, తిరిగొచ్చి పాత జీపు కొన్నాడు. ఆర్మూర్, మోర్తాడ్ మధ్య మనుషుల్ని ఎక్కించుకుని తిప్పేవాడు. అక్కడ తను నడిపిన కార్ల ఫోటో తెచ్చి బావ ముందు పెట్టి, ముందు భాగం ఇట్లా ఏటవాలుగా, మధ్యలో గాలి లాగేటట్టు లేచి ఉండాలి అన్నాడు. ఫోటోలో కారు వేలెడు కూడా లేదు. బావ దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు. పాత జీపు బానెట్ మీద చెక్క పట్టీలు కొట్టి, ప్లాస్టర్ పోసి, పుట్టీ పట్టి, రుద్ది రుద్ది తనే ఒక ఆకారం తెచ్చాడు. ఎక్కడో ఉన్నదాన్ని చూసి అచ్చు తియ్యడం వేరు, లేనిదాన్ని చేసి తియ్యడం వేరు. ఆ పని మీద ఆయనకు ఉన్న ముచ్చట నేను మళ్లీ చూడలేదు. అన్నం తింటూ కంచంలో అన్నాన్ని కూడా అదే ఆకారంలో అదిమేవాడు.

దసరాకు ముందు అచ్చు తయారైంది. ఆ వారం నా దగ్గర పసుపు రంగు డబ్బా ఒక్కటే మిగిలి ఉంటే, అచ్చు పూతలో అదే కలిపాడు. లోపల మైనం పట్టించి, మెరిపించి, దిమ్మెల మీద పెట్టాడు. పండగ మర్నాడు అందులో బానెట్ పోయాలి.

పండగ రోజు మా అక్క పనిముట్లన్నింటికీ పసుపు, బొట్టు పెట్టింది. కత్తెరకు, రోలర్లకు, మగ్గుకు, రబ్బరు సుత్తికి. అచ్చు ముందు ఆగింది. వెనక వైపు చూస్తే పీచు, గరుకు. ముందు వైపు అద్దంలా ఉంది. మూడు వేళ్లతో పసుపు ముద్ద తీసి ఆ మెరిసే దిక్కు ఒక మూలన దిద్దింది. దాని మీద పెట్టిన కుంకుమ మైనం మీద నిలవలేదు, జారిపోయింది. పసుపు నిలిచింది. పసుపు రంగు అచ్చు మీద ఆరిపోయిన పసుపు. మర్నాడు తెల్లవారుతుండగా, ఆ మసక వెలుతురులో బావకు అది కనపడలేదు. తెల్ల పూత పూసేశాడు.

ఊడదీసే రోజు నేను అక్కడే ఉన్నాను. అంచుల్లో చెక్క చీలికలు దిగ్గొట్టి, సందులో నీళ్లు పోసి, సుత్తితో చుట్టూ తట్టాడు. టప్‌మని శబ్దం వచ్చింది. ఆ శబ్దం కోసమే ఈ పని చేస్తానని అనేవాడు. బానెట్ లేచి వచ్చింది. తెల్లగా, నిగనిగలాడుతూ, ఫోటోలో ఉన్నదానికంటే అందంగా. మూలన మూడు పచ్చటి చారలు. కడిగితే ముద్ద పోయింది గానీ మూడు వేళ్ల గుంటలు పూతలో దిగిపోయి ఉన్నాయి. దగ్గరగా చూస్తే వేలి గీతలు కూడా కనపడుతున్నాయి. పచ్చదనం లోపలికి పట్టేసింది.

మా అక్క బిందె దించి దగ్గరికి వచ్చి చూసింది.

“గది నా చెయ్యే” అంది, ఆ మూడు చారలు చూపించి.

“సక్కని దిక్కు ఎందుకు పెట్టినవ్? ఎనక దిక్కు పెట్టరాదా?” అన్నాడు బావ. గొంతు పెద్దది చెయ్యలేదు, దానికే మాకు ఎక్కువ భయం వేసింది.

“వీపుకు బొట్టు పెడతరా ఎవరన్న?” అంది మా అక్క. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ మాట మాత్రం గట్టిగా వచ్చింది. “మొకానికే గదా పెట్టేది.”

బావ దిమ్మె మీద కూర్చుని తల గోక్కున్నాడు. పుట్టీ నింపి రుద్ది, మీద పూత వేస్తే పోతుందని లేచి వాటర్ పేపర్ తడుపుతుంటే మోర్తాడ్ డ్రైవరు దిగాడు. చూశాడు. మచ్చ ఏందని అడిగాడు. బావ దాచలేదు. మా ఇంటామె దసరాకు పెట్టింది, నేను చూస్కోలే, రేపటికి సాఫ్ చేసిస్త అన్నాడు.

డ్రైవరు ఆ గుంటల్లో తన వేళ్లు పెట్టి చూశాడు. ఆయన వేళ్లు పట్టలేదు.

“తియ్యకు ఉస్తాద్. గల్ఫుల గన్నేండ్లు బండి నడిపిన. నా బండికి ఒక్కలు పసుపు పెట్టలే.”

అట్లాగే బిగించాడు. ఆ జీపు ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీద తిరిగింది. బజారులో ఎదురైతే మా అక్క మొహం పక్కకు తిప్పుకునేది. బావ మాత్రం, నీ సంతకం పోతుంది చూడు అని ఏడిపించేవాడు. వేరే డ్రైవర్లు కూడా మాకూ అట్లనే పెట్టించమని వచ్చారు. బావ ఒప్పుకోలేదు. గది పొరపాటు, పొరపాటును అచ్చుల వోసి అమ్ముతమా అని పంపించేశాడు.

కానీ ఆ తర్వాత నుంచి ఆయన ప్రతి అచ్చుకూ ఒక కొత్త పని చెయ్యడం మొదలుపెట్టాడు. వెనక వైపు, ఆ గరుకు పీచు మీద, అరచెయ్యంత మేర పుట్టీ పట్టి నున్నగా రుద్దేవాడు. అచ్చుకు దాంతో ఏ పనీ లేదు. నేను అడిగితే, మీ అక్క బొట్టు పెట్టేటందుకు, లేకపోతె చేతికి పీచు గుచ్చుకుంటది అన్నాడు. దసరా వస్తే అచ్చులన్నీ తనే బోర్లించి పెట్టేవాడు. మా అక్క వరసగా వీపులకు బొట్లు పెట్టుకుంటూ పోయేది. ఈయన వెనకాల నిలబడి, మంచిగ పెట్టు, గది నిరుడు అలిగింది అనేవాడు.

తొంభైల చివర్లో మా అక్కకు కామెర్లు వచ్చాయి. మొదట పసరు మందు పోయించాం, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. నిజామాబాద్ దవాఖాన, ఆ తర్వాత హైదరాబాద్ దవాఖాన. వానలు మొదలైనప్పుడు మంచం పట్టిన మనిషి, వానలు ఆగకముందే పోయింది. చివర్లో ఆమె చేతులు పచ్చగా ఉండేవి. బావ ఆ చేతులు పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాడు.

ఆ ఏడు దసరాకు షెడ్డు తెరవలేదు. తర్వాత పని మొదలుపెట్టాడు గానీ అచ్చుల వెనక నున్నగా రుద్దడం మానేశాడు. ఎవరి కోసం అన్నాడు. వాళ్లకు ఉన్నది పెళ్లి ఫోటో ఒక్కటే. అందులో మా అక్క తల వంచుకుని ఉంది, మొహం సగమే కనపడుతుంది. చీరలు మా అమ్మ ఎవరెవరికో ఇచ్చేసింది. ఇంట్లో ఆమెది అని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఒక రోజు స్టూలు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉన్నట్టుండి, ఆ మోర్తాడ్ జీపు ఈ మధ్య కనపడుతలేదేంది బామ్మర్దీ అన్నాడు. నేను స్కూటర్ తీశాను.

మోర్తాడ్ వెళితే డ్రైవరు జీపు అమ్మేశానన్నాడు. ఏర్గట్ల ఆయన కొన్నాడట. ఏర్గట్ల వెళితే ఆయన దాన్ని పాత సామాను కింద తూకానికి ఇచ్చేశాడట. బావ మొహం అప్పుడు చూడాలి. అయితే ఇనుము తూకానికి పోయింది గానీ బానెట్ పోలేదు. అది ఇనుము కాదు కదా, పాత సామాను వాడు వద్దని పక్కన పారేశాడట. ముప్కాల్ రైతు ఒకాయన అడిగి తీసుకుపోయాడని చెప్పారు. ప్లాస్టిక్ అని వెక్కిరించినందుకే అది బతికిపోయింది.

ముప్కాల్‌లో పొలం గట్టు మీద దొరికింది. మోటారు మీద వానకు కప్పుగా బోర్లించి ఉంది. ఎండకు తెలుపు మాసిపోయింది, అంచు విరిగింది. బావ ఒంగి, బురద చేత్తో తుడిచి, ఆ మూల వెతికాడు. ఉన్నాయి. రంగు దాదాపు పోయింది. గుంటలు మూడూ ఉన్నాయి.

రైతు మంచివాడే కానీ, నువ్వు ఇది తీస్కపోతె నా మోటారు మీద ఏం కప్పాలె అన్నాడు. వానాకాలం, ఆయన బాధ ఆయనది. బావ అప్పుడే టేపు తీసి మోటారును కొలిచాడు. తాళం పెట్టుకోవడానికి కొక్కెం, గాలి ఆడటానికి చూరు, అన్నీ పెట్టి కొత్త కప్పు చేసిచ్చాడు. అది చూసి రైతు, మోటారు కన్న మూతే మంచిగుంది అన్నాడు. బానెట్ మా స్కూటర్ మీద, బావ ఒళ్లో, ఆర్మూర్ వచ్చింది. దారంతా ఆ మూల మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆయన ఆలోచన ఇది. బానెట్ మీద ఉన్నవి గుంటలు. దాని మీద మళ్లీ అచ్చు తీస్తే, ఆ రోజు ఆమె పెట్టిన పసుపు ఎట్లా ఉబ్బెత్తుగా ఉందో అట్లాగే పైకి లేచి వస్తుంది. ముట్టుకుంటే ఆమె పెట్టింది పెట్టినట్టు తెలుస్తుంది. ఎండకు, వానకు గీతలు ఇప్పటికే అరిగిపోతున్నాయి, ఇంకా ఆగితే ఏదీ మిగలదు. అచ్చు ఉంటే ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. మీ ఇంట్ల ఒకటి, నా దగ్గర ఒకటి అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ మనిషి గొంతులో ప్రాణం విన్నాను.

నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. బానెట్ కడిగి ఆరబెట్టాడు. మైనం డబ్బా తెరిచాడు. గుడ్డకు మైనం అద్దుకుని చుట్టూ పట్టించాడు, తుడిచాడు, మళ్లీ పట్టించాడు. ఆ మూడు గుంటల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. మైనం వేస్తే సన్నటి గీతల్లో నిండుతుంది. తుడవాలంటే రుద్దాలి, రుద్దితే గీతలు పోతాయి. గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత డబ్బా మూత పెట్టేశాడు.

“బావా, అక్కడ మైనం రాయవా?” అన్నాను.

“దాని చెయ్యి మీద ఎట్ల రుద్దాలెరా?”

మైనం లేకుండా ఏమవుతుందో ఈ జిల్లాలో ఆయనకంటే తెలిసినవాడు లేడు. అయినా రెజిన్ కలిపాడు. మగ్గు చెంపకు ఆనించుకున్నాడు. పూశాడు, పీచు పరిచాడు, వేలి కొసలతో మెల్లగా అదిమాడు.

గట్టిపడ్డాక చీలికలు పెట్టాడు. నీళ్లు పోశాడు. చుట్టూ తట్టాడు. అంచులు విడిచాయి. ఆ మూల మాత్రం పట్టుకుంది. ఇంకా తట్టాడు. ఇంకో చీలిక పెడితే లోపల పూత చిట్లిపోతుందని చెయ్యి తీసేశాడు. టప్‌మనే శబ్దం కోసం ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. రాలేదు. నేను కింది నుంచి బానెట్‌ను కోసి, ఏదో ఒకటి చేసి తీద్దామని ఏదేదో అన్నాను. ఆయన చేత్తో వారించాడు.

“ఉండనియ్ బామ్మర్దీ. ఇల్లరికం.”

ఆ మాట అని నవ్వుదామని చూశాడు. అప్పుడు ఏడ్చాడు మా బావ. మా అక్క పోయిన రోజు కూడా నా ముందు ఏడవలేదు.

తర్వాత రంపం బ్లేడుతో ఆ ముక్క వరకు కోసి తీశాడు. తాంబాలమంత ఉంటుంది, మందంగా. ఒక వైపు అచ్చు వెనక, ఇంకో వైపు బానెట్ వెనక. రెండు దిక్కులా వీపే. మొహం లోపల ఉండిపోయింది. దాన్ని షెడ్డు గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు.

జీపులు పోయాయి, ఆటోలు వచ్చాయి. కొత్త కార్లకు బంపర్లు కంపెనీవే వస్తున్నాయి. పని తగ్గి తగ్గి ఆగిపోయింది. బావ నా దుకాణం ముందరి స్టూలు మీదికి మారాడు. వచ్చినవాళ్లకు ఏ తలుపుకు ఏ పుట్టీ మంచిదో చెప్పేవాడు. ఏ డబ్బా ఇచ్చినా ముందు చెంపకు ఆనించుకునేవాడు, చల్లటి రంగు డబ్బా అయినా సరే. అలవాటు.

పదకొండో రోజు అయ్యాక నిన్న షెడ్డు సర్దుదామని వెళ్లాను. రోలర్లు, తుప్పు పట్టిన కత్తెర, అడుగున గడ్డకట్టిన మగ్గు. గోడ మీద ఆ ముక్క. తీసి తిప్పి చూశాను. గోడ వైపు ఉన్న దిక్కు, అచ్చు వీపు మీద, అరచెయ్యంత మేర పుట్టీ పట్టి నున్నగా రుద్ది ఉంది. దాని మీద పసుపు. ఒక ఏడుది కాదు. కింద ముదిరి గోధుమ రంగుకు తిరిగింది, దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. అన్నింటికీ పైన మొన్న దసరాది, ఇంకా పచ్చగా ఉంది. మూడు వేళ్లు. లావాటి మొద్దు వేళ్లు, ఆడమనిషివి కావు.

మళ్లీ అదే దిక్కుకు తిప్పి, అదే మేకుకు తగిలించి వచ్చాను. మధ్యాహ్నం ఎవరికో పుట్టీ డబ్బా అందిస్తే దాని మూత మీద నా వేళ్లు పచ్చగా పడ్డాయి. ఆయన చూసుకోలేదు. సంచిలో వేసుకుని, బస్సు వస్తుందని గబగబా వెళ్లిపోయాడు.